గిరిసోలలో మా బుడ్డోడి మాటల లెక్క



ఈ పేజీలో ఇప్పటిదాకా తాతల కాలం సంగతులే ఎక్కువగా వచ్చాయి. ఎవరు ఏ ఊరు వదిలి ఎక్కడ స్థిరపడ్డారు, ఎవరి పెళ్ళి ఎక్కడ జరిగింది, ఇలాంటివి. ఈసారి మా ఇంట్లో అందరికన్నా చిన్నవాడి గురించి రాద్దామని కూర్చున్నాం. వాడికి రెండేళ్ళు నిండి రెండు నెలలయింది. ఇప్పుడు కూడా టేబుల్ కింద కూర్చుని ల్యాప్‌టాప్ చార్జరు పీకే పనిలో ఉన్నాడు.

ముందే ఒక మాట. క్యాంపులో పెరిగినవాళ్ళం, 'నేను' అనడం అలవాటు లేదు. ఇందులో 'మేము' అంటే ఒకచోట ఆలుమగలం ఇద్దరం, ఒకచోట బుడ్డోడితో కలిపి ముగ్గురం, ఇంకోచోట ఈ టైపు కొడుతున్న నాన్న ఒక్కడే. చదువుకుంటూ పోతే మీకే తెలుస్తుంది. తెలుగు రాయడం ఈ మధ్యే నేర్చుకున్నాం కాబట్టి అక్షర దోషాలుంటే సర్దుకుని చదవండి.

కర్ణాటకలో తుంగభద్ర ఎడమ కాలువ కింద సింధనూరు వైపు తెలుగువాళ్ళ క్యాంపులున్నాయని మీలో చాలామందికి తెలుసు. 1953లో డ్యాము నీళ్ళు వదిలాక గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి రైతులు వచ్చి భూములు కొనుక్కున్నారు. వాళ్ళ వెనకాల కూలిపనికి వచ్చినవాళ్ళలో మా తాత ఒకరు. మేం పుట్టింది, పెరిగింది ఆ క్యాంపులోనే. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం. పదో తరగతి దాకా కన్నడ మీడియం, తర్వాత తంటాలు పడి ఇంగ్లీషు, ఆ తర్వాత బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. అంటే పక్కవాళ్ళు కట్టిన దాంట్లో తప్పులు వెతికి జీతం తీసుకోవడం.

మా ఆవిడది గిరిసోల. ఒడిశాలో ఆఖరి ఊరు అనుకోండి. పదహారో నంబరు జాతీయ రహదారి మీద ఈ ఊరు దాటితే ఇచ్ఛాపురం, అంటే ఆంధ్ర. మాకు కూరగాయలకి, చర్చికి, రైలుకి ఇచ్ఛాపురం. ఆసుపత్రికి, పెద్ద బజారుకి బరంపురం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడే దాకా ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీలో ఒకే గంజాం జిల్లా. ఆ రోజున బరంపురం అటు పోయింది, ఇచ్ఛాపురం ఇటు ఉండిపోయింది, మధ్యలో చుట్టాలు రెండు వైపులా చీలిపోయారు. మా ఆవిడ చదివింది ఒరియా మీడియం. కాబట్టి ఇంట్లో తెలుగు గడగడా చదవగలిగింది అత్తమ్మగారొక్కరే.

పురిటికి పుట్టింటికి వచ్చిన మా ఆవిడ మళ్ళీ బెంగళూరు వెళ్ళలేదు. మామగారు లేరు, అత్తమ్మగారు ఒంటరి. కంపెనీ వాళ్ళు ఇంటి నుంచే పని చేసుకోమన్నారు. దాంతో మేమే ఇటొచ్చేశాం. ఇల్లరికం అని క్యాంపులో ఇప్పటికీ నవ్వుతారు. నవ్వనీ.

మా ఇంటి పొద్దు అయిదున్నరకి మొదలవుతుంది. బుడ్డోడు లేచి, మా మొహాల మీద అరచేత్తో కొట్టి, గేటు దగ్గరికి తీసుకెళ్ళమంటాడు. రోడ్డు మీద లారీలు. ప్రతి లారీకీ "బూ" అంటాడు. వంద లారీలు పోతే వంద సార్లు. వాడికి విసుగు రాదు. మేం మొదట్లో ఫోను చూసుకుంటూ నిలబడేవాళ్ళం. ఇప్పుడు మేం కూడా అంటున్నాం, "బూ" అని. పొద్దున్నే పాలవాడు మమ్మల్ని చూసి ఏమనుకుంటున్నాడో దేవుడికే తెలియాలి.

పదింటికి ఆఫీసు మీటింగు. మ్యూట్‌లో పెట్టుకుని వాడిని ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాం. మాకు తెలిసిన టెస్టర్లలో వాడిని మించినవాడు లేడు. గ్లాసు కింద పడితే పగులుతుందా అని చూస్తాడు. స్టీలుదైతే పగలదు, మళ్ళీ చూస్తాడు, ఇంకొంచెం ఎత్తు నుంచి చూస్తాడు. రిమోటు నీళ్ళలో పని చేస్తుందా? చెయ్యదు. రాసుకోవాల్సిన విషయమే.

రాత్రి ఎనిమిదింటికి కుటుంబ ప్రార్థన. బల్ల మీద మూడు బైబిళ్ళు: తెలుగుది, కన్నడది, ఒరియాది. అత్తమ్మగారు "నిర్గమకాండము" అంటారు, మేం "విమోచనకాండ" తీస్తాం. "లేవీయకాండము" అంటే మాకు "యాజకకాండ". పేర్లు కలిపేసరికి ఆవిడ సగం అధ్యాయం చదివేస్తారు. తర్వాత ఆవిడ ప్రార్థన. అది చిన్నది కాదు. మా మామగారి అన్నదమ్ముల పిల్లలు, సముద్రంలోకి వేటకెళ్ళినవాళ్ళు, సూరత్ మిల్లుల్లో పనికెళ్ళిన వీధి కుర్రాళ్ళు, పక్కింటి ఆవు, అందరూ వస్తారు. బుడ్డోడు రెండు చేతులూ కళ్ళ మీద పెట్టుకుని వేళ్ళ సందుల్లోంచి చూస్తుంటాడు. ఆమెన్ తర్వాత పాలు వస్తాయని వాడికి తెలుసు. అందుకని ఆవిడ సూరత్ దాకా రాగానే వాడు గట్టిగా "ఆమే!" అంటాడు. ఆవిడ ఆగరు. మళ్ళీ "ఆమే!" అంటాడు. అదీ కుదరకపోతే మా దగ్గర నేర్చుకున్న కన్నడ మాట వాడతాడు, "సాకు!"

కన్నడంలో సాకు అంటే చాలు. అత్తమ్మగారు మొదటిసారి విన్నప్పుడు కళ్ళు తెరిచి, "ఏటి బాబూ, ఈడు పార్దనలో నాకు సాకులు సెప్తన్నాడేటి?" అన్నారు. ఆ రాత్రి ప్రార్థన అక్కడితో ఆగిపోయింది. నవ్వు ఆగలేదు.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. కన్నడంలో బిడ్డని ముద్దుగా "కందా" అంటారు. పుట్టిన రోజునే వాడిని చేతిలోకి తీసుకుని మా నోటంట వచ్చిన మాట అదే. "పిల్లోడ్ని కంద అంటారేటి బాబూ, కంద దురద గదా" అన్నారు అత్తమ్మగారు. క్యాంపులో మేం నాన్నని "అప్పా" అని పిలిచేవాళ్ళం, బళ్ళో పిల్లల చూసి. ఇక్కడ సిక్కోలు వైపు అప్ప అంటే అక్క. వాడు మమ్మల్ని అప్పా అంటే వీధంతా నవ్వుతుందని మా ఆవిడ ముందే చెప్పింది. పక్కింటి మౌసీ వాడికి పాలు చూపించి "ఖీర" అంటుంది, ఒరియాలో పాలే అవి. మాకు మాత్రం దోసకాయ గుర్తొస్తుంది. ఆవిడ మమ్మల్ని చూపించి "బాపా" అని నేర్పుతుంటుంది. ఇంట్లో వాళ్ళేమో "నాన్న". ఒక్క మనిషికి ఇన్ని పేర్లుంటే పాపం వాడు మాత్రం ఏ పేరని పిలుస్తాడు?

పిలవలేదు. అదే వచ్చింది చిక్కు.

వాడికి పంతొమ్మిదో నెలలో మా ఆవిడ తరఫు పెళ్ళికి వెళ్ళాం. అక్కడ వాడి ఈడు పిల్ల ఒకతె "తాతా రా, కూచో" అంటూ తిరుగుతోంది. మావాడు బూ తప్ప ఏమీ అనడు. "ఇంకా మాటలు రాలేదా?" అని ఒకరు, "ఇంట్లో అన్ని భాషలుంటే పిల్లాడు ఏది పట్టుకుంటాడు?" అని ఇంకొకరు. ఒక పెద్దాయన మమ్మల్ని పక్కకి పిలిచి, "బాబూ, మీరా కన్నడం మానేయండి, పిల్లాడు తేరుకుంటాడు" అన్నారు. చెడ్డ ఉద్దేశంతో అన్నమాట కాదు. అది మాకూ తెలుసు.

మానేశాం. ఇంటికొచ్చాక వాడితో తెలుగే మాట్లాడాలని గట్టిగా పెట్టుకున్నాం. చెప్పడానికి సిగ్గుగా ఉంది గాని, ఆ రెండు నెలలు మేం వాడితో దాదాపు మాట్లాడలేదు. తెలుగు రాదని కాదు, వచ్చు. కాని క్యాంపులో తెలుగు పెద్దవాళ్ళ దగ్గర వినే భాష: పని చెప్పడానికి, కోప్పడటానికి, లెక్క అడగడానికి. ఆటలు, స్నేహితులు, ముద్దు మాటలు, అన్నీ కన్నడంలోనే నేర్చుకున్నాం. వాడిని ఎత్తుకోగానే నోట్లోకి "బా కందా" వస్తుంది. దాన్ని మింగి తెలుగులో ఏమనాలా అని వెతుక్కునేలోపు వాడు దిగిపోయి వెళ్ళిపోయేవాడు. గేటు దగ్గర "బూ" కూడా తగ్గిపోయింది. ప్రార్థనలో మా వంతు వస్తే రెండు ముక్కలు చెప్పి ముగించేవాళ్ళం. ఒక రాత్రి మా ఆవిడే అడిగింది, "వాడికి మాటలు రావట్లేదా, మీకు పోయాయా?" అని.

బరంపురంలో పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ముందు చెవులు చూద్దాం అన్నారు ఆయన. ఆ పరీక్ష ఎలా ఉంటుందంటే, తల మీద, చెవుల దగ్గర స్టిక్కర్లు అంటించి, చెవిలోకి టక్ టక్ అని శబ్దం పంపి, మెదడు దాన్ని అందుకుంటోందా లేదా అని మెషీన్లో చూస్తారు. నొప్పేమీ ఉండదు. కాని పిల్లాడు కదలకుండా నిద్రపోవాలి. అందుకని ముందు రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టి తెల్లవారుజామునే లేపమన్నారు. లేపాం. దారిలో వాడు నిద్రపోకుండా కారు అద్దం లోంచి లారీలు చూపిస్తూ వెళ్ళాం. అన్నిటికీ బూ అన్నాడు. అక్కడికి వెళ్ళాక నిద్రపోవాలి కదా, పోడు. ఏసీ గది, కొత్త మనుషులు, తల మీద వైర్లు. మా ఆవిడకి జలుబు, గొంతు పెగలడం లేదు. అత్తమ్మగారు ఇంటి దగ్గరున్నారు.

అప్పుడు మేం పాడాం.

మా దగ్గర ఒక పాత నోటుబుక్కు ఉంది. క్యాంపు చర్చిలో పాడేవన్నీ తెలుగు కీర్తనలే, పిల్లలకేమో తెలుగు అక్షరాలు రావు. అందుకని తాత చెబుతుంటే మా నాన్న ఆ తెలుగు పాటల్ని కన్నడ అక్షరాల్లో రాసి ఇచ్చారు. అరవై పాటలు దాకా ఉంటాయి. అవి చూసి చూసి కంఠస్థం అయిపోయాయి. ఆ ఏసీ గదిలో వాడిని భుజాన వేసుకుని వాటిలో ఒకటి నెమ్మదిగా ఎత్తుకున్నాం. రెండో చరణంలో వాడి తల వాలిపోయింది. స్టిక్కర్లు అంటించే అమ్మాయి ఒరియా మనిషి, పాట అయ్యేదాకా ఆగి, అప్పుడు మెషీను వేసింది.

ఆ పాట గురించి ఒక ముక్క చెప్పాలి, ఈ పేజీ చదివేవాళ్ళకి నచ్చుతుందని. మా నోటుబుక్కులో పాటలే గాని రాసినవాళ్ళ పేర్లు లేవు. గిరిసోల వచ్చాక అత్తమ్మగారి ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో వెతికితే వాటిలో కొన్నిటి కింద పురుషోత్తమ చౌధరి అని కనిపించింది. ఆయన 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో ఒక బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకున్నారు. 1890 దాకా బతికారు. పర్లాకిమిడి అప్పట్లో గంజాం జిల్లాలోనే, 1992లో గజపతి జిల్లా విడిపోయేదాకా కూడా. అంటే మా తాత గోదావరి నుంచి సింధనూరుకి మోసుకెళ్ళిన పాట అసలు పుట్టిన నేల ఈ వైపుదన్నమాట. ఒరియా, తెలుగు కలిసే చోట పెరిగిన మనిషి కట్టిన పాటని కన్నడ అక్షరాల్లో నేర్చుకుని, మళ్ళీ అదే చోటుకి తెచ్చి బిడ్డని నిద్రపుచ్చాం. తాత ఉంటే ఆయనకి చెప్పేవాళ్ళం.

చెవులు బాగానే ఉన్నాయి.

డాక్టరు "మాటలు ఎన్ని వచ్చు?" అని అడిగారు. మా ఆవిడ అయిదు అంది. "అన్ని భాషల్లో కలిపా?" అన్నారు. మేం ఇద్దరం మొహమొహాలు చూసుకున్నాం. మేం తెలుగువే లెక్కపెడుతున్నాం. ఆయన చెప్పింది ఇది: ఇంట్లో రెండు మూడు భాషలున్నంత మాత్రాన పిల్లలకి మాటలు ఆలస్యం కావు. ఏ భాషలో అన్నా అది మాటే, అన్నీ కలిపి లెక్కపెట్టండి. ఫోను తగ్గించండి. నాన్నగారికి ఏ భాషలో మాట్లాడితే హాయిగా ఉంటుందో ఆ భాషలోనే మాట్లాడమనండి. రెండేళ్ళకి యాభై మాటలు, రెండు మాటలు కలిపి అనడం రాకపోతే మళ్ళీ తీసుకురండి, అప్పుడు చూద్దాం.

ఆసుపత్రి మెట్ల మీదే వాడిని ఎత్తుకుని "బా కందా, మనెగె హోగోణ" అన్నాం. ఇంటికి పోదాం రా అని. వాడు మా ముక్కు పట్టుకుని గట్టిగా పిండాడు.

ఆ రాత్రే ఎక్సెల్ షీటు తెరిచాం. అలవాటైన పని కదా. తేదీ, మాట, భాష, సాక్షి, మళ్ళీ అన్నాడా లేదా. అలా రాయడం మొదలుపెడితే తేలింది, వాడు అప్పటికే పంతొమ్మిది మాటలు అంటున్నాడు. 'పాణి' ఒరియా. 'సాకు', 'బేడ' కన్నడం. 'అమ్మ' తెలుగా కన్నడమా అని మేమిద్దరం కాసేపు వాదించుకున్నాం. కాకిని చూసి 'కా' అంటాడు. తెలుగులో కాకి, కన్నడంలో కాగె, ఒరియాలో కాఉ. ఏ గడిలో రాయాలి? 'మూడూ' అని రాశాం. 'ఆమే' దగ్గర భాష గడి ఖాళీగా వదిలేశాం. మూడు బైబిళ్ళలోనూ అదే మాట.

టెస్టర్లకి ఒక తలనొప్పి ఉంటుంది. తప్పు ఒక్కసారి కనబడుతుంది, పక్కవాళ్ళని పిలిచి చూపించబోతే మాయమైపోతుంది. మావాడి మాటలూ అంతే. వంటింట్లో "దే" అని అడుగుతాడు. మా ఆవిడని కేకేసి మళ్ళీ అనమంటే గోడకేసి చూస్తాడు. అలాంటివి షీటులో పసుపు రంగులో ఉన్నాయి.

చర్చిలో కూడా ఒక ముచ్చట జరిగింది. ఆదివారం ఇచ్ఛాపురంలో తెలుగు ఆరాధన. కానుక సంచి వచ్చినప్పుడు వాడి చేతికి పది రూపాయల బిళ్ళ ఇస్తాం, వెయ్యమని. మొదట్లో గుప్పిట విప్పేవాడు కాదు. తర్వాత వేసి, వెంటనే చెయ్యి లోపల పెట్టి వెతికేవాడు. ఇంకొకరి నోటు తీసుకుని మాకిచ్చాడు ఒక వారం. సంచి పట్టుకున్న పెద్దాయన కదలకుండా నిలబడ్డారు, మేం దాన్ని తిరిగి వేసేదాకా. అయ్యగారు ప్రసంగంలో నవ్వు ఆపుకోవడం మేం చూశాం. గత నెల మాత్రం బిళ్ళ వేసి, సంచికి "బూ" అని చెయ్యి ఊపాడు. లారీలా వెళ్ళిపోతోంది కదా.

ఇక వాడు మమ్మల్ని పిలిచిన సంగతి. ఇరవై మూడో నెల. సాయంత్రం కరెంటు పోయింది. ఉక్క. రిలీజు రోజు, ఫోను హాట్‌స్పాట్ పెట్టుకుని వరండాలో పని చేస్తున్నాం. వాడు చీకట్లోంచి తడుముకుంటూ వచ్చి, మా మోకాలు పట్టుకుని, తల ఎత్తి, "అబ్బా" అన్నాడు. అప్ప కాదు, నాన్న కాదు, బాపా కాదు. అన్నీ కొంచెం కొంచెం. ల్యాప్‌టాప్ పక్కన పెట్టేశాం. బైబిల్లో ప్రభువు తన తండ్రిని పిలిచిన మాట అదే కదా, అబ్బా తండ్రీ అని. ఒళ్ళు జలదరించింది.

మా ఆవిడని పిలిచాం. మళ్ళీ అనలేదు. ఆదివారం అయ్యగారికి చెబితే ఆయన చాలా సంతోషించి, సాక్ష్యం చెప్పండి అన్నారు. అత్తమ్మగారు మాత్రం, "అబ్బా అంటే దోమ కుట్టుంటాది బాబూ. సూడండి, కాలు మీద దద్దురుంది" అన్నారు. నిజంగానే దద్దురుంది. సాక్ష్యం చెప్పలేదు. షీటులో పసుపు రంగు వేసి, సాక్షి గడిలో 'నాన్న', పక్కన 'అమ్మమ్మ: దోమ' అని రాశాం. నాలుగు రోజుల తర్వాత పొద్దున్న అయిదున్నరకి మొహం మీద కొట్టి మళ్ళీ అన్నాడు. దోమతెరలో ఉన్నాం అప్పుడు. గడి ఆకుపచ్చ చేశాం.

రెండేళ్ళ పుట్టినరోజుకి షీటులో అరవై ఒక్క మాటలున్నాయి. కృతజ్ఞతా కూడికకి అందరినీ పిలిచి భోజనం పెట్టాం. డాక్టరుగారికి ఫోన్లో చెబితే, రెండు మాటలు కలుపుతున్నాడా అని అడిగారు. "పాణి బేడ" అంటున్నాడండీ అన్నాం. ఒక మాట ఒరియా, ఒక మాట కన్నడం, నీళ్ళు వద్దని. ఆయన కాసేపు నవ్వి, సరే, తీసుకురానక్కర్లేదు అన్నారు.

నిన్న అత్తమ్మగారు ఇచ్ఛాపురం సంత నుంచి కంద తెచ్చారు, బచ్చలి వేసి పులుసుకూర చేద్దామని. కత్తిపీట ముందు కూర్చుని, "అమ్మాయ్, కంద కోసీమంటావా?" అని లోపలికి కేకేశారు. ఎక్కడో గేటు దగ్గర లారీలు చూస్తున్నవాడు ఆ మాట విని పరుగెత్తుకుంటూ వచ్చి ఆవిడ ఎదురుగా నిలబడ్డాడు, ఎందుకు పిలిచావు అన్నట్టు. ఆవిడ కంద వైపు చూసి, వాడి వైపు చూసి, కత్తిపీట పక్కకి జరిపేసి వాడిని ఒళ్ళోకి లాక్కున్నారు. కూర మేమే కోశాం. చేతులు ఇప్పటికీ దురదగానే ఉన్నాయి.